విత్తు పొరలోని తేమ: ఉపగ్రహ స్థాన సంకేతములతో హిమము, నేల తేమ, పైరుల పరిశీలన

తొలకరి జల్లుకు ప్రత్తి విత్తనము పెట్టి, ఆ తరువాత పది దినములు చినుకు లేక మొలక మాడిపోగా, మరల విత్తనము కొనవలసి వచ్చుట తెలంగాణ మెట్ట రైతునకు కొత్త కాదు. 60 నుండి 75 మి.మీ. వర్షము కురిసి నేల బాగుగా తడిసిన పిమ్మటనే విత్తవలెనని విస్తరణ శాస్త్రవేత్తలు ఏటేటా చెప్పుచునే యున్నారు. సలహా సరియైనదే. అయితే అందులో కొలువబడునది కురిసిన వాన. విత్తనమునకు కావలసినది నేలలో నిలిచిన తేమ. ఈ రెంటి నడుమ చెలక నేలకు ఒక లెక్క, నల్లరేగడికి ఒక లెక్క, వాలుగా నున్న పొలమునకు మరొక లెక్క. మండల కేంద్రములోని వర్షమాపకము ఈ తేడాలను చెప్పజాలదు.

నేల తేమను నేరుగా కొలుచుటకు మనకిప్పుడు రెండు మార్గములు కలవు. మొదటిది పొలములో పాతిన సెన్సారు. అది తన చుట్టునున్న పిడికెడు మట్టి సంగతి మాత్రమే చెప్పును. రెండడుగుల అవతల వేరొక అంకె వచ్చును. రెండవది ఆకాశము నుండి చూచు ఉపగ్రహము. 2015లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రయోగించిన స్మాప్ ఉపగ్రహపు రేడియోమీటరుకు ఒక్కొక్క గడి సుమారు 36 కి.మీ. వెడల్పు. ఆ గడిలో చెరువు, అడవి, పట్టణము, వరి, కంది అన్నియు కలిసిపోవును. పిడికెడు మట్టికి, నాలుగైదు మండలములకు నడుమ, రైతు 'నా చేను' అని చూపగలిగినంత విస్తీర్ణమునకు సరిపడు కొలత లేకపోవుట చిరకాలపు కొరత. సుమారు 1000 చదరపు మీటర్లు, అనగా పది గుంటలు లేదా ఇరువదియైదు సెంట్ల మేర తేమను ప్రతిదినము చెప్పగల ఒక పద్ధతి గత పదునైదు, ఇరువది ఏండ్లలో రూపొందినది. దానికి వాడునది జీపీఎస్ రిసీవరే. ఆ పద్ధతి ఎట్లు పనిచేయునో, ఎక్కడ పనిచేయదో, మన నేలలలో దానిని పరీక్షింపదలచిన విద్యార్థి వేటిని గమనింపవలెనో ఈ పాఠములో చూతము.

దోషముగా పారవేసిన సమాచారము

జీపీఎస్ ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుచు నిరంతరము రేడియో సంకేతములను పంపుచుండును. రిసీవరు యాంటెన్నాకు ఈ సంకేతము నేరుగా చేరును. దానితోపాటు నేలను తాకి పరావర్తనము చెందిన భాగము కూడ కొంత చేరును. నేరుగా వచ్చినదానికంటె ఇది కొంత దూరము ఎక్కువ ప్రయాణించి వచ్చును గనుక స్థాన నిర్ణయములో పొరపాటు కలిగించును. సర్వేయర్లకు ఇది పెద్ద బెడద. దీనిని తగ్గించుటకై యాంటెన్నా క్రింద లోహపు వలయములు అమర్చుదురు. దిగంతమునకు దగ్గరగా నున్న ఉపగ్రహముల సమాచారమును లెక్కలోనికి తీసికొనరు.

అమెరికా పశ్చిమ ప్రాంతములో భూఫలకముల కదలికను కనిపెట్టుటకు ప్లేట్ బౌండరీ అబ్జర్వేటరీ అను పేరుతో సుమారు 1,100 శాశ్వత జీపీఎస్ కేంద్రములు స్థాపింపబడినవి. వాటి యాంటెన్నాలలో అధిక భాగము నేలకు రెండు మీటర్ల ఎత్తున, బయలు ప్రదేశములలో ఉన్నవి. కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టీన్ లార్సన్, ఎరిక్ స్మాల్, వారి సహచరులు ఈ కేంద్రముల సమాచారములోని 'దోషము' వాన కురిసినప్పుడెల్ల ఒక క్రమములో మారుచున్నదని గుర్తించి, నేల తేమను దాని నుండి రాబట్టవచ్చునని 2008లో ప్రకటించిరి. మరుసటి ఏడు హిమపు లోతును, 2010లో పైరు పెరుగుదలను అదే సమాచారము నుండి చూపిరి. పరావర్తన సంకేతములను ఉపయోగించుకొనవచ్చునను ఆలోచన అంతకుమునుపే, 1993లో, ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన మార్టిన్-నెయిరా సముద్రమట్టపు కొలతకై ప్రతిపాదించి యుండెను. కాని ప్రత్యేక పరికరము అక్కరలేక, వేరొక పనికై నిలిపిన రిసీవరుతోనే ఇది సాధ్యమని తేలుట వ్యవసాయ దృష్టితో ముఖ్యమైన మలుపు. భూకంపములకై పెట్టిన కేంద్రములు నీటి లెక్కలు చెప్పనారంభించినవి; 2017 చివరి వరకు ఆ కేంద్రముల నుండి హిమము, నేల తేమ, వృక్షసంపదల అంకెలు వెలువడుచుండెను.

అలల లెక్క

ఈ భాగము కొంత ఓపికగా చదువవలసినది. ఇది బోధపడినచో మిగిలినదంతయు సులభము.

నేరుగా వచ్చిన తరంగము, నేలను తాకి వచ్చిన తరంగము యాంటెన్నావద్ద కలిసికొన్నప్పుడు వ్యతికరణము జరుగును. రెండింటి శిఖరములు కలిసినచో సంకేతము బలపడును. ఒకదాని శిఖరము మరొకదాని ద్రోణితో కలిసినచో బలహీనపడును. ఉపగ్రహము ఉదయించి పైకి వచ్చుచున్నకొలది రెండు మార్గముల దూరములలోని తేడా మారుచుండును గనుక బలపడుట, బలహీనపడుట ఒకదాని తరువాత ఒకటి జరుగును. రిసీవరు నమోదుచేయు సంకేత–రొద నిష్పత్తిని గీచినచో ఉపగ్రహము 5 నుండి 25 డిగ్రీల ఊర్ధ్వ కోణములో నున్నంతసేపు స్పష్టమైన అలలు కనబడును. కోణము పెరిగినకొలది ఈ అలలు సన్నగిల్లును. జీపీఎస్ సంకేతము కుడివాటపు వృత్తాకార ధ్రువణము గలది. ఎక్కువ కోణముతో నేలను తాకినప్పుడు దాని ధ్రువణము ఎడమవాటమునకు మారి, కుడివాటపు యాంటెన్నాకు సరిగా అందదు. తక్కువ కోణములో ధ్రువణము అంతగా మారదు. సర్వేయరు పారవేయు దిగంత ప్రాంతమే మనకు పనికివచ్చుటకు ఇది ముఖ్య కారణము.

అలలను కాలముతో గాక ఊర్ధ్వ కోణపు సైన్ విలువతో గీచినచో అవి సమాన దూరములలో వచ్చును. యాంటెన్నా ఎత్తును రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యముతో భాగించగా వచ్చునదే వాటి పౌనఃపున్యము. జీపీఎస్ రెండవ పౌనఃపున్యమైన 1227.60 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యము 24.4 సెం.మీ. యాంటెన్నా 2 మీ. ఎత్తున ఉన్నచో 4ను 0.244తో భాగించగా 16.4 వచ్చును. 5 డిగ్రీల సైన్ 0.087, 25 డిగ్రీల సైన్ 0.423; తేడా 0.336. ఈ రెండు కోణముల నడుమ కనబడవలసిన అలలు 16.4ను 0.336తో గుణించగా సుమారు అయిదున్నర. విద్యార్థులు తమ తొలి గీతపటములో అలలను వ్రేళ్ళతో లెక్కించి చూచుకొనుట మంచిది. అయిదారు అలలకు బదులు ముప్పది కనబడినచో యాంటెన్నా చూచుచున్నది పొలమును గాదు, పది మీటర్ల క్రింద నున్న మరేదో తలమునని అర్థము.

అలలలో మూడు గుణములను కొలువవచ్చును: పౌనఃపున్యము, దశ, కంపన పరిమితి. నేలతలము ఎత్తు ప్రధానముగా పౌనఃపున్యమును మార్చును. పై పొర తేమ దశను మార్చును. మొక్కలలోని నీరు కంపన పరిమితిని తగ్గించును. ఒకే అలలో మూడు విషయములు ఇమిడియుండుట ఈ పద్ధతికి గల అందము, అదే దాని చిక్కు కూడ.

హిమము

మూడింటిలో సులభమైనది హిమపు లోతు. హిమము పేరుకొనగా పరావర్తన తలము పైకి లేచును; యాంటెన్నాకు, ఆ తలమునకు నడుమ దూరము తగ్గును; అలల సంఖ్య తగ్గును. వేసవిలో 2 మీ. వచ్చిన ఎత్తు శీతకాలములో 1.6 మీ. వచ్చినచో హిమము లోతు 40 సెం.మీ. దాని సాంద్రత నీటి సాంద్రతలో నాలుగవ వంతు అయినచో అది కరిగి 10 సెం.మీ. నీరగును. కొలరాడోలోని మార్షల్ క్షేత్రములో 2009 వసంతకాలపు హిమపాతములతో ఈ పద్ధతి తొలుత నిరూపింపబడినది. తరువాత అదే రాష్ట్రములోని నివాట్ రిడ్జ్ వంటి ఎత్తైన పర్వత ప్రాంతములో పరీక్షింపబడినది. కొలరాడో నది నీటిలో అధిక భాగము పర్వతములపై హిమము కరిగి వచ్చునదే. ఆ నదిపై ఆధారపడిన రైతునకు చలికాలపు హిమము లోతు రాబోవు సేద్యపు నీటి లెక్క.

మన రాష్ట్రములలో హిమము లేదు గదా, ఈ భాగమెందుకని అడుగవచ్చును. ఎత్తును కొలుచు సూత్రము హిమమునకే పరిమితము కాదు. అలాస్కాలోని కచెమాక్ అఖాతపు ఒడ్డున భూచలనముకై పెట్టిన జీపీఎస్ కేంద్రము ఆటుపోటుల మట్టమును కొలువగలదని లార్సన్ బృందము 2013లో చూపినది. నీటితలము నునుపైనది, సంకేతమును బలముగా పరావర్తనము చేయునది. కావున నాటు వేసిన తొలి వారములలో, ఆకులు నేలను కప్పకమునుపు, వరిమడిలో నిలిచిన నీటి మట్టమును ఇదే విధముగా కొలుచుట పరీక్షింపదగిన విషయము. అయితే తడి–పొడి పద్ధతిలో నీటిమట్టము మడి ఉపరితలము క్రింద 15 సెం.మీ.కు దిగినప్పుడు మరల నీరు పెట్టుదురు. భూమి లోపలికి దిగిన నీటిని ఈ పద్ధతి చూడజాలదు. అక్కడ రంధ్రముల గొట్టమే నమ్మదగినది.

నేల తేమ

పొడి మట్టి రోధక స్థిరాంకము 3 నుండి 4; నీటిది సుమారు 80. కొద్దిపాటి నీరు చేరినను మట్టి విద్యుత్ స్వభావము ఎంతో మారును. తడిసిన నేల సంకేతమును దాదాపు పై తలముననే వెనుకకు పంపును. ఎండిన నేలలో సంకేతము కొంత లోనికి దిగి వచ్చినట్లు తోచును. ఈ మార్పు ఎత్తులో వెతికినచో ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు, నమ్మకముగా చిక్కదు. దశలో మాత్రము స్పష్టముగా కనబడును. అందుచేత తేమ కొలుచునప్పుడు ఎత్తును స్థిరమని తీసికొని, దశను మాత్రమే దినదినము లెక్కింతురు.

అమెరికా కేంద్రములకై క్లారా చ్యూ, స్మాల్, లార్సన్ తదితరులు స్థాపించిన సంబంధము సరళరేఖ: దశలో ఒక డిగ్రీ మార్పునకు ఘనపరిమాణ తేమలో సుమారు 1.5 శాతము మార్పు. ఎండిన నేల 8 శాతము తేమతో ఉండి, వాన తరువాత 26 శాతమునకు చేరినచో దశ సుమారు 12 డిగ్రీలు మారును. ఇట్లు వచ్చిన తేమలో పొరపాటు సుమారు 4 శాతము. స్మాప్ తనకు నిర్దేశించుకొన్న లక్ష్యము కూడ అంతే. ఇది ఎండిపోయిన నేలకు, విత్తదగిన నేలకు తేడా చెప్పుటకు చాలును. 18 శాతమా, 20 శాతమా అని తేల్చుటకు చాలదు. విస్తరణ శాస్త్రవేత్త రైతుతో మాట్లాడునప్పుడు ఈ హద్దును మరువరాదు.

కొలువబడు పొర లోతు సుమారు 5 సెం.మీ. మాత్రమే. దీనినే చాలమంది లోపముగా ఎంచుదురు. పూత దశలోనున్న ప్రత్తికో, కందికో నీరు పెట్టవలెనా అను ప్రశ్నకు ఇది నిజముగా లోపమే. వేరు మండలము అంతకంటె ఎంతో లోతున ఉన్నది, పై పొర ఎండియుండియు క్రింద తేమ సమృద్ధిగా ఉండవచ్చును. పై 5 సెం.మీ. అంకెను చూచి నీరు పెట్టుమనుట తప్పు సలహా, నీటి వృథా. కాని విత్తనము పడునది ఎక్కడ? వేరుశనగ, ప్రత్తి, మొక్కజొన్న మొదలైనవాటిని 5 సెం.మీ. అటునిటు లోతుననే విత్తుదుము. మొలక బ్రతుకు, చావు నిర్ణయమగు పొర ఇదియే. కావున ఈ పద్ధతిని సేద్యపు నీటి యాజమాన్యమునకు గాక, విత్తు సమయ నిర్ణయమునకు ముందుగా పరీక్షించుట సమంజసమని ఈ రచయిత అభిప్రాయము.

ఒక చిన్న లెక్క చూడుడు. 5 సెం.మీ. పొరలో 25 శాతము తేమ అనగా 12.5 మి.మీ. నీరు. అందులోనూ కొంత భాగము మట్టి రేణువులను అంటిపెట్టుకొని మొలకకు అందదు. మబ్బు విడిచి జూన్ ఎండ కాసినచో ఈ కొద్దిపాటి నిల్వ రెండు మూడు దినములలో ఆవిరియగుట ఆశ్చర్యము కాదు. క్రింది పొరలు తడిసియున్నచో అక్కడినుండి కొంత తేమ పైకి అందును. జల్లు పై పొరనే తడిపినచో అందదు. 20 మి.మీ. వానకు, 70 మి.మీ. వానకు మరునాటి ఉదయము పై పొర అంకె దాదాపు ఒకటిగానే కనబడవచ్చును. నాలుగవ నాటికి తేడా బయటపడును. అందుచేత విత్తు నిర్ణయమునకు చూడవలసినది ఒక్క దినపు అంకెను గాదు, వాన వెలిసిన తరువాత మూడు నాలుగు దినములలో తేమ దిగజారు వేగమును. ప్రతిదినము ఒకే పొలమునుండి అంకె వచ్చు పద్ధతికే ఇది సాధ్యము. పండ్రెండు దినములకొకసారి తలపై నుండి పోవు ఉపగ్రహమునకు సాధ్యము కాదు.

ఇక నేల రకము. 1.5 శాతమను గుణకము అమెరికా పశ్చిమ ప్రాంతపు నేలలలో వచ్చినది. దానిని మన నేలలకు పరీక్షింపక వాడరాదు. ఎర్ర చెలకలలో అది పెద్దగా మారదని ఊహింపవచ్చును. నల్లరేగడి సంగతి వేరు. బంకమన్ను నీటిని గట్టిగా పట్టియుంచుటచే రోధక స్థిరాంకము తేమతో పెరుగు తీరు మారును. అంతకంటె పెద్ద చిక్కు, రేగడి తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు కుంగి బీటలు వారును. మనము ఎత్తు స్థిరమని అనుకొన్నాము. రేగడిలో అది స్థిరము కాదు. నేలతలము ఒక్క సెంటీమీటరు లేచినచో 24.4 సెం.మీ. తరంగదైర్ఘ్యమునకు, 14 డిగ్రీల వంటి మధ్యమ కోణమువద్ద, దశలో సుమారు 7 డిగ్రీల మార్పు వచ్చును. దానిని తేమగా పొరపడినచో 10 శాతము తేమ లెక్కలో తారుమారగును. అనగా నేల ఉబ్బును కూడ కొలువక రేగడిలో ఈ పద్ధతిని వాడినచో వచ్చు అంకె తేమదో, ఉబ్బుదో చెప్పజాలము. తొలి ప్రయోగములు చెలక నేలలలో జరిపి, ఆ తరువాతనే రేగడికి పోవుట క్షేమము. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రములో వలె ఎర్రనేల, రేగడి ప్రక్కప్రక్కనే యున్న చోట్లు ఈ పోలికకు తగినవి.

దుక్కి కూడ ఇట్టి పొరపాటునే తెచ్చును. గుంటక తోలిన మరునాడు తలము రెండు మూడు సెంటీమీటర్లు లేచును, గరుకుదనము మారును. దశ ఒక్కసారిగా గెంతును. వాన పడలేదు, తేమ పెరిగినట్లు గీత చూపును! గుంటక, గొర్రు, దంతె ఏనాడు నడిచినదో పొలము పుస్తకములో వ్రాసియుంచుకొనని ప్రయోగము ఎంత ఖరీదైన రిసీవరు పెట్టినను వ్యర్థము.

పైరు

మొక్కలు పెరిగినకొలది వాటిలోని నీరు సంకేతమును పీల్చుకొని, చెదరగొట్టును. అలల కంపన పరిమితి తగ్గును. ఈ తగ్గుదలను ఆధారముగా చేసికొని ఒక సూచికను రూపొందించిరి. ఎన్‌డీవీఐ వంటి ఉపగ్రహ చిత్రపు సూచిక ఆకు పచ్చదనమును చెప్పును. ఈ సూచిక మొక్కలోని నీటి బరువును చెప్పును. రెండును ఒకటి కావు. అమెరికా గడ్డిభూములలో పచ్చదనము ముందుగా శిఖరమునకు చేరగా, నీటి సూచిక కొన్ని దినములు వెనుకగా చేరినది. ఆకు పచ్చబడుట ముందు, మొక్క బరువెక్కుట తరువాత గదా. మేఘములు అడ్డము వచ్చుటచే వానాకాలములో ఎన్‌డీవీఐ చిత్రములు వారముల తరబడి దొరకని మన ప్రాంతములో, మేఘములను లెక్కచేయని ఈ కొలత విలువైనదే.

కాని పైరు కొలత, తేమ కొలత ఒకదానికొకటి అడ్డు. చదరపు మీటరుకు మొక్కలలోని నీరు సుమారు ఒక కిలో దాటిన పిమ్మట దశలోని మార్పు తేమదని చెప్పుట కష్టమగును. దిద్దుబాటు పద్ధతులున్నవి గాని అవి పలుచని గడ్డి, పొదలున్న భూములకై చేసినవి. నిండుగా ఎదిగిన మొక్కజొన్నలో ఈ నీరు నాలుగు కిలోలకు పైబడియుండును. అక్కడ నేల తేమను వెతుకుట వృథా ప్రయాస. విత్తనము నుండి పైరు కమ్ముకొనువరకు గల తొలి వారములే తేమ కొలతకు తగిన కాలము. విత్తు నిర్ణయమునకే దీనిని ముందు వాడవలెననుటకు ఇది రెండవ కారణము.

ఆకాశమునుండి అదే కొలత

పరావర్తన సంకేతమును నేలపై గాక ఆకాశములోనే పట్టవచ్చును. నాసా 2016 డిసెంబరులో ప్రయోగించిన సిగ్నస్ అను ఎనిమిది చిన్న ఉపగ్రహముల సముదాయము సుమారు 500 కి.మీ. ఎత్తున తిరుగుచు, భూమిని తాకి వచ్చిన జీపీఎస్ సంకేతములను గ్రహించును. తుఫానులలో సముద్రపు గాలి వేగము కొలుచుటకై అవి పంపబడినవి. 38 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశముల నడుమ గల భూభాగముపై కూడ నేల తేమ, వరదనీరు వాటికి కనబడునని తరువాత తెలిసినది. 2017లో వచ్చిన హార్వీ, ఇర్మా తుఫానుల వరదలను చ్యూ, స్మాల్ తదితరులు ఈ సమాచారముతో గుర్తించిరి. తెలుగు ప్రాంతమంతయు ఈ పరిధిలోనే ఉన్నది. అయితే నిలువనీరు సంకేతమును ఎంతో బలముగా త్రిప్పిపంపును. చెరువులు విస్తారముగా గల తెలంగాణలోను, నాట్లనాటి కృష్ణా, గోదావరి డెల్టాలలోను గడిలో కొద్ది భాగము నీరున్నను మొత్తము గడి అంకెను అది పైకి లాగును. ఆ అంకెను మెట్టపొలపు తేమగా ఎవరును చదువరాదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుండి ప్రయోగింపబడిన ఇస్రో–నాసా ఉమ్మడి ఉపగ్రహము నైసార్ తన స్వంత రాడారుతో పనిచేయును. పరావర్తన జీపీఎస్ దాని పద్ధతి కాదు. కాని దాని ఎల్-బ్యాండ్ తరంగదైర్ఘ్యము కూడ సుమారు 24 సెం.మీ.యే. ఇంచుమించు అదే తరంగదైర్ఘ్యముతో, అదే పై పొరను, పది గుంటల మేర ప్రతిదినము చూచు జీపీఎస్ కేంద్రము, పండ్రెండు దినములకొకసారి తిరిగివచ్చు నైసార్ అంకెలను నేలమీద సరిచూచుకొనుటకు పిడికెడు మట్టి సెన్సారుకంటె తగినది.

ప్రయోగము పెట్టదలచినవారికి

మన వద్ద శాశ్వత రిసీవర్లకు కొదువ లేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో అంతర్జాతీయ జాలమునకు చెందిన కేంద్రమున్నది; భూముల పునఃసర్వే కొరకు కోర్స్ కేంద్రములు నెలకొల్పబడినవి. వాటి సమాచారమును అడిగి తెచ్చుకొనినచో చాలునని విద్యార్థులు ఉత్సాహపడుదురు. ముందుగా ఆ యాంటెన్నా ఎక్కడ ఉన్నదో పోయి చూడవలెను. మేడ కప్పుపై నున్న యాంటెన్నా మేడ కప్పునే చూచును; కాంక్రీటు తేమ మనకక్కరలేదు. ఆకాశము బాగుగా కనబడవలెనని అనేక కేంద్రములను భవనములపైననే పెట్టుదురు. అమెరికాలో బయలు నేలపై దొరికిన అదృష్టము మనకు సర్వత్ర దొరకదు. స్వంతముగా పొలములో స్తంభము నాటుటకే సిద్ధపడవలెను.

స్తంభము ఎత్తు 2 మీ. అనుకొనుడు. 5 డిగ్రీల కోణము నుండి తీసికొన్నచో పరావర్తన భాగము స్తంభమునుండి సుమారు 70 మీ. వరకు వ్యాపించును, 10 డిగ్రీల నుండి తీసికొన్నచో 26 మీ. దాటదు. ఎకరము చదరపు పొలము భుజము 64 మీ. గనుక చిన్న కమతములలో 10 నుండి 25 డిగ్రీలు వాడుట మేలు. అలలు నాలుగే వచ్చును, అయినను పని జరుగును. లేనిచో గట్టు అవతలి పొరుగువాని వరిమడి మన కంది చేనుగా నమోదగును.

స్తంభమును పొలము మధ్య గాక ఉత్తరపు అంచున నిలుపవలెను. జీపీఎస్ కక్ష్యల వంపు 55 డిగ్రీలు. హైదరాబాదు అక్షాంశములో ఉత్తర దిశకు ఇరుప్రక్కల సుమారు 35 డిగ్రీల మేర తక్కువ కోణములలో జీపీఎస్ ఉపగ్రహము ఎన్నడును కనబడదు. దక్షిణము, తూర్పు, పడమరలే మనకు పనికివచ్చు దిక్కులు. మన నావిక్ ఉపగ్రహములతో ఇది చేయరాదా యని తరగతిలో ప్రతి ఏడు ఎవరో ఒకరు అడుగుదురు. నావిక్ సముదాయములో కొన్ని భూస్థిర ఉపగ్రహములు. అవి ఆకాశములో ఉన్నచోటనే ఉండును గనుక కోణము మారదు, అలలు రావు. మిగిలినవి కదలును గాని మన ప్రాంతమునకు చాలవరకు 25 డిగ్రీలకు పైననే ఉండును. మన దేశముపై స్థాన నిర్ణయమునకు అది గొప్ప సౌకర్యము. దిగంతపు వెలుతురు కావలసిన ఈ పనికి మాత్రము జీపీఎస్, గెలీలియోలే అనుకూలము.

రిసీవరు అమరికలో రెండు చిన్న విషయములు. అనేక సర్వే రిసీవర్లలో 10 లేక 15 డిగ్రీల కోత ముందుగానే పెట్టియుండును. దానిని తొలగింపనిచో మనకు కావలసిన సమాచారము అసలు నమోదే కాదు. రైనెక్స్ ఫైలుగా మార్చునప్పుడు సంకేత–రొద నిష్పత్తి వరుసలను కూడ చేర్చమని అడుగవలెను; స్థాన నిర్ణయమునకు అవి అక్కరలేదు గనుక తరచు వదలివేయుదురు. చౌక రిసీవర్లు ఈ నిష్పత్తిని పూర్ణాంకములలోనే ఇచ్చును. దానితో ఎత్తు కొలుచుట సాధ్యమే గాని, దశ లెక్కకు దశాంశములు ఇచ్చు రిసీవరే మంచిది. విశ్లేషణకు లార్సన్ బృందము పైథాన్ భాషలో వ్రాసిన జీఎన్‌ఎస్‌ఎస్‌రెఫ్ల్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ కలదు. జీపీఎస్ ఉపగ్రహము ప్రతిదినము సుమారు నాలుగు నిమిషములు ముందుగా అదే దారిలో వచ్చును గనుక నిన్నటి అలను నేటి అలతో నేరుగా పోల్చవచ్చును. ఒకే దారి, ఒకే పొలము; మారినది తేమ మాత్రమే.

సరిచూచుటకు పాత పద్ధతికి మించినది లేదు. వాన వెలిసిన నాటినుండి వరుసగా అయిదారు దినములు ఉదయము ఒకే వేళకు, పరావర్తన భాగములో కనీసము పది చోట్ల 0–5 సెం.మీ. పొర మట్టిని తీసి, 105 డిగ్రీల సెంటీగ్రేడు ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి తూచవలెను. వచ్చిన బరువు శాతమును స్థూల సాంద్రతతో గుణించినగాని ఘనపరిమాణ శాతము రాదు: 16 శాతము బరువు తేమ, స్థూల సాంద్రత 1.5 అయినచో 24 శాతము. ఈ గుణకారము మరచి, రిసీవరు తప్పు చూపుచున్నదని నిర్ణయించిన నివేదికలు ఈ రచయిత దిద్దినవాటిలో ఒకటి రెండు లేకపోలేదు. పది నమూనాల సగటుతోపాటు వాటి నడుమ వ్యత్యాసమును కూడ వ్రాయవలెను. ఒకే ఇరువదియైదు సెంట్లలో తేమ 14 శాతము నుండి 24 శాతము వరకు మారుచుండినచో, రైతునకు చెప్పవలసిన మాట ఆ సగటు కాదు. ఏ మూల ముందు విత్తవచ్చునో, ఏ మూల ఆగవలెనో చెప్పవలెను. దానికి దక్షిణము, తూర్పు, పడమర దిక్కుల అలలను కలిపివేయక వేర్వేరుగా ఉంచి చూడవలసియుండును.